నారింజరంగు మీద రెండు నీలిగీతలు

పోయిన వారం మనం మేరియన్ టీచరును వదిలి వచ్చేసరికి ఆవిడ చేతిలో కాఫీ పొగలు కక్కుతోంది. ఇప్పుడది చల్లారి, పైన మీగడ తెట్టె కట్టింది. ఆవిడ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. బడి గంట ఇంకా కొట్టలేదు. ఎదురుగా కంప్యూటరు తెర మీద, నిన్న సాయంత్రం ఎవరో పంపిన ఆ రెండు ముక్కలు అలాగే ఉన్నాయి.

"బెండు బాగుంది. దాని అడుగున గీసిన మూడుకాళ్ళ పిల్లి ఇంకా బాగుంది. ఇట్లు, పాత నేస్తం."

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం వెనకటి సంగతి కాస్త చెప్పుకోవాలి. అమెరికాలో మెయిన్ తీరాన డోరీ కోవ్ అని ఓ చిన్న రేవు. ఇంటికో పడవ, పడవకో లాబ్‌స్టర్ల వేట, అంటే పెద్ద సముద్రపు రొయ్యలు. ఆ ఊరి బడిలో ఆరో తరగతి పిల్లలకు మేరియన్ ఈ ఏడు బ్లాగు రాయడం నేర్పుతోంది. నేర్పడమంటే కంప్యూటరు ముందు కూర్చోబెట్టి రాసుకోండి నాయనా అని వదిలేసే రకం కాదావిడ. ముందు కాగితాల మీదే రాయించింది. వసారా గోడనిండా పిల్లల రాతలు, అంటే టపాలు, అంటించి, కింద పసుపు చీటీల మీద వ్యాఖ్యలు రాయమంది. ఉత్తినే 'బాగుంది' అని రాసిన చీటీ చెల్లదు. ఏం బాగుందో చెప్పాలి, లేదా రాసినవాళ్ళను ఒక ప్రశ్న అడగాలి.

టోబీ అనే గడుగ్గాయి ఒకడున్నాడు. కెల్సీ రాసిన టపా కింద 'నీ కుక్క అచ్చం నీలాగే ఉంది' అని చీటీ అంటించాడు. మేరియన్ తిట్టలేదు, కొట్టలేదు. ఆ చీటీ వాడి చేతికే ఇచ్చి, కెల్సీ ఎదుట నిలబడి చదవమంది. వాడు నోరు తెరిచాడు, మూశాడు, చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజునుంచీ ఆ తరగతిలో అదొక కట్టడి అయిపోయింది: ఎదురుగా నిలబడి అనలేని మాట చీటీ మీద రాయకూడదు, తెర మీదా రాయకూడదు.

అంతా అయ్యాకే అసలు బ్లాగు మొదలెట్టారు. దానికి కట్టుబాట్లు పిల్లలే పెట్టుకున్నారు. అసలు పేర్లు వద్దు, నీటిపక్షుల పేర్లు పెట్టుకుందాం అన్నారు. ముఖాలు వద్దు, ఊరి పేరు వద్దు, పడవ నంబరు వద్దు. ప్రతి టపానూ పక్కవాడు ఒకసారి, టీచరు ఒకసారి చదివాకే బయటికి వదలాలి. బయటినుంచి వచ్చే వ్యాఖ్య ఏదైనా టీచరు చూసి సరేనంటేనే కనిపించాలి. ఆ గడప దగ్గరే ఈ పాత నేస్తం ఆగి ఉన్నాడు.

లాబ్‌స్టర్ బోను తాడుకి కట్టే బెండు మీద ఆ టపా రాసిన పిల్ల ఐవీ. బ్లాగులో దాని పేరు కొంగ. కిందటి చలికాలంలో తల్లి వెరాతో వచ్చి ఆర్లో ఇంట్లో దిగింది. ఆర్లో ఆ రేవులో పాత వేటగాడు, వెరా అమ్మమ్మకు పినతల్లి కొడుకు. దగ్గరి చుట్టమేమీ కాదు, అందుకే అక్కడికి వచ్చింది వెరా. భర్త డేల్ ఆ చుట్టరికం పేరు కూడా విని ఉండడని. దగ్గరికి రాకూడదని డేల్‌కి కోర్టు ఉత్తర్వు ఉంది. కోర్టు కాగితానికి కాళ్ళుంటాయా, అడ్డం వచ్చి నిలబడుతుందా అని వెరా భయం. ఈ సంగతి బడిలో తెలిసినవాళ్ళు మేరియన్, హెడ్‌మిస్ట్రెస్ లొరెయిన్, ఇద్దరే. బ్లాగుకు ఒప్పుకునే కాగితం మీద వెరా మొదట సంతకం పెట్టనంది. మేరియన్ ఇంటికెళ్ళి బతిమాలింది. పేరు రాదు, ముఖం రాదు, ఊరు రాదు, పూచీ నాది అంది.

వచ్చినప్పుడు ఐవీ తల ఊపడమే తప్ప మాట్లాడేది కాదు. కొంగ అయ్యాక మాత్రం ధారగా రాసింది. పోయిన శుక్రవారం తన టపా తనే లేచి నిలబడి చదివింది. చివరి వరసకి వినిపించేంత గట్టిగా. ఆ గొంతు అంతకుముందు ఎవరూ వినలేదు.

ఆ టపాకే ఇప్పుడీ వ్యాఖ్య వచ్చింది.

మేరియన్ టపాలోని ఫొటోను మళ్ళీ మళ్ళీ చూసింది. చెక్కగోడ, తుప్పుపట్టిన మేకు, దానికి వేలాడుతున్న బెండు. నారింజరంగు మీద రెండు నీలిగీతలు. అడుగుభాగం ఫొటోలోకి రానే లేదు. పిల్లి ఎక్కడా లేదు. రాతలోనూ పిల్లి ఊసు లేదు. వేరే ఎవరి టపానో చూసి రాసి ఉంటాడు అనుకుందామంటే, ఏ పిల్లా పిల్లి గురించి రాయలేదు. బెంగ పురుగులాంటిది, ఎక్కడ కుట్టిందో తెలియదు, మంట మాత్రం ఉంటుంది.

గంట కొట్టింది. పిల్లలు బిలబిలమంటూ వచ్చిపడ్డారు.

"ఇవాళ కొత్త టపాలు లేవు," అంది మేరియన్, గొంతు మామూలుగా ఉండేట్టు చూసుకుంటూ. "ఇవాళ పరాయివాడి ఆట. ఒకరు పరాయివాడై ముందు కూర్చోవాలి. మన టపాలు ఒక్కొక్కటీ గోడ మీద వేస్తాను. మనం ఎవరిమో, ఎక్కడివాళ్ళమో కనిపెట్టగలడేమో చూద్దాం."

"నేను, నేను," అని టోబీ అప్పటికే ముందుకొచ్చేశాడు. "నేను బోస్టన్‌నుంచి వచ్చిన దొరని. నాకు చేప అంటే డబ్బాలో ఉండేదే తెలుసు."

"నీకు డబ్బా తియ్యడం కూడా రాదు," అంది కెల్సీ.

ఐవీ ఒక్కదాని మీద చూపు పడకూడదని మేరియన్ ముందు వేరే వాళ్ళవి వేసింది. ఒకడు వాళ్ళమ్మ చేసే చేపల సూపు గురించి రాశాడు. అందులో చిక్కేదేమీ లేదు. కెల్సీ కుక్క ఫొటో వచ్చింది. టోబీ కళ్ళు చికిలించి చూశాడు.

"కుక్క వెనక కిటికీ ఉంది. కిటికీలో చర్చి శిఖరం ఉంది. దాని మీద గాలివాటు చూపించే గాలికోడికి తోక విరిగిపోయింది. తోక విరిగిన గాలికోడి ఉన్న ఊరు వెతుక్కుంటూ వస్తా, వచ్చి కెల్సీ కుక్కని ఎత్తుకుపోతా."

అందరూ నవ్వారు. కెల్సీ మాత్రం నవ్వలేదు. లేచి వెళ్ళి, ఆ కిటికీ ముక్క కత్తిరించమని టీచర్ని అడిగింది. మేరియన్‌కి కొంచెం ధైర్యం వచ్చింది. చురుకైన పిల్లలే, చూడటం వచ్చు వీళ్ళకి.

అప్పుడు కొంగ టపా వేసింది.

టోబీ ముందుకు వంగాడు, వెనక్కి వాలాడు, చేతిని దుర్భిణిలా చేసుకుని చూశాడు. "ఇందులో ఏం లేదు టీచర్."

"మళ్ళీ చూడు."

"మనిషి లేడు. పడవ లేదు. నంబరు లేదు. బెండు, మేకు, గోడ, అంతే. నేను బోస్టన్ దొరనైతే దీన్ని కొనుక్కెళ్ళి మా స్నానాలగదిలో వేలాడదీసుకుంటా."

"మా నాన్న అమ్ముతాడు, రెండింతలు చెబుతాడు," అన్నాడు వెనకనుంచి ఎవడో.

మేరియన్‌కి గుండెలమీది బరువు దిగినట్టయింది. ఆ తేలికలోనే, నవ్వుతూ, ఏమీ ఆలోచించకుండా అడిగేసింది. "సరే దొరగారూ, ఎవరి బెండో మాత్రం తెలియదుగా?"

"ఆర్లో తాతది," అంది తరగతి అంతా, ఒక్క గొంతుతో.

తమ నోటినుంచి ఏం వచ్చిందో వాళ్ళకే అప్పుడు వినిపించింది.

లాబ్‌స్టర్ బోను సముద్రం అడుగున ఉంటుంది. నీళ్ళ మీద తేలేది దాని బెండు ఒక్కటే. ఎవరి రంగులు వాళ్ళవి, తాతల నాటినుంచి వచ్చేవి. లైసెన్సులో ఆ రంగులు రాయించాలి, పడవ మీద అందరికీ కనబడేట్టు ఒక బెండు కట్టాలి. పరాయి రంగు బెండు ముట్టుకున్నవాడికి ఆ తీరం పొడుగునా మంచినీళ్ళు పుట్టవు. ఆర్లోది నారింజ మీద రెండు నీలిగీతలు. బోస్టన్ దొరకి అది బొమ్మే. కానీ తీరంలో పడవెక్కినవాడు ఎవడైనా దాన్ని చూసి, నాలుగు రేవుల్లో ఎర అమ్మేచోట, ఈ రంగులు ఎవరివోయ్ అని ఒక్కమాట అడిగితే చాలు. ఇంటి గుమ్మందాకా దారి చెబుతారు, పైగా కాఫీ కూడా పోస్తారు.

మేరియన్ ఆ ఊళ్ళోనే పుట్టింది. వాళ్ళ నాన్న రంగులు ఆకుపచ్చ, తెలుపు. అక్షరాలు రాకముందే రంగులు చదివిన పిల్ల ఆవిడ. ముఖం ఉందా అని చూసింది, పేరు ఉందా అని చూసింది, పడవ నంబరు పడితే కత్తిరించింది. బెండు మాత్రం ఆవిడ కంటికి ఆనలేదు. ఆ ఊళ్ళో ప్రతి గోడకీ, ప్రతి కంచెకీ బెండ్లు వేలాడుతూనే ఉంటాయి. రోజూ పీల్చే గాలిని ఎవరు చూస్తారు? పక్కవాడు చూశాడు, టీచరు చూసింది, హెడ్‌మిస్ట్రెస్ చూసి ముచ్చటపడింది. అంతమంది కాపలావాళ్ళ మధ్యనుంచి ఆర్లో ఇంటిపేరు రొమ్ము విరుచుకుని బయటికి నడిచి వెళ్ళిపోయింది.

ఐవీ ఏడవలేదు. పెన్సిలు పెట్టెలో పెట్టింది. పెట్టె మూసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని మేరియన్ వైపు చూసింది. చలికాలంలో మొదటిరోజు బడికి వచ్చినప్పుడు ఎలా కూర్చుందో, అచ్చం అలాగే.

మధ్యాహ్నం భోజనాల వేళ మేరియన్ లొరెయిన్ గదిలోకి వెళ్ళి తలుపు వేసింది. లొరెయిన్ ఆవిడకన్నా పెద్దది, చిన్నప్పుడు ఒకే వీధిలో ఆడుకున్నవాళ్ళు. అంతా విని, నుదురు అరచేత్తో నొక్కుకుంది.

"నేనూ చూశానే ఆ ఫొటో. రంగు ఎంత బాగా పడిందో అన్నాను కూడా."

"అన్నావు."

"తీసేశావా?"

"టపా తీసేశాను. వ్యాఖ్య మాత్రం బయటికి వదల్లేదు, పారేయనూ లేదు. రెండూ కాగితం మీద అచ్చు తీశాను. పోలీసులు అడిగితే కావాలి."

"పోలీసులదాకా పోయావా అప్పుడే." లొరెయిన్ గొంతు తగ్గించింది. "చూడు మేరియన్, వాడెవడో పనిలేనివాడు. పిల్లి అంటాడు, ఫొటోలో పిల్లేది? ఇంకేదో చూసి ఇక్కడ రాశాడు. ఫొటో తీసేశావు, పీడా పోయింది. గోరంతది కొండంత చెయ్యకు."

"అలాగే అనుకోవాలని నాకు మాత్రం లేదా?"

"వెరాకి చెప్పావంటే రేపీపాటికి ఉండదు. మూటా ముల్లే సర్దుకుని రాత్రికి రాత్రే పోతుంది. ఆ పిల్ల ఇప్పుడిప్పుడే నోరు విప్పుతోంది. మళ్ళీ ఏ ఊరో, ఏ బడో. ఇంకోసారి విప్పుతుందనుకున్నావా?"

మేరియన్ పొద్దుటినుంచీ తిప్పలు పడుతున్నది ఆ మాటతోనే. తనకి పడే చీవాట్లంటే భయం లేదు. బడి బోర్డువాళ్ళు బ్లాగు మూసెయ్యమంటే మూసేస్తుంది. ఆ పెన్సిలు పెట్టె మూసిన చప్పుడే చెవిలోంచి పోవడం లేదు.

"చెప్పకపోతే?" అంది.

లొరెయిన్ ఫోను దగ్గరికి లాక్కుంది. "నువ్వు వెళ్ళి చెప్పు. షెరిఫ్ ఆఫీసుకి నేను చేస్తాను. ఒంటరిగా పంపకు పిల్లని, నువ్వే తీసుకెళ్ళు."

అక్టోబరు చివర ఆ తీరంలో పొద్దు ఇట్టే వాలిపోతుంది. మేరియన్ ఐవీని వెంటబెట్టుకుని కొండవాలు దిగేసరికి నీళ్ళు బూడిదరంగుకి తిరిగాయి. దారంతా పిల్ల మాట్లాడలేదు. ఎదురుగా ట్రక్కు వస్తే మాత్రం మేరియన్ చెయ్యి పట్టుకుంది. ట్రక్కు నడిపేది ఐస్ ఫ్యాక్టరీ కుర్రాడే, చెయ్యి ఊపి పోయాడు. అతను దాటిపోయాక కూడా పిల్ల చెయ్యి వదల్లేదు, మేరియనూ వదల్లేదు.

ఆర్లో వంటింట్లో పొయ్యి రాజుకుని ఉంది. ముసలాయన కుర్చీలో కూర్చుని, బోను లోపల పెట్టే వలమూతి అల్లుతున్నాడు. వెరా బల్ల దగ్గర బంగాళదుంపలు చెక్కుతోంది. పొయ్యి పక్కన ఒక పాత రబ్బరు బూటు పక్కకి ఒరిగి పడి ఉంది.

"రా అమ్మాయ్ రా. పంతులమ్మే ఇంటికొచ్చిందంటే పిల్ల ఏదో ఘనకార్యం చేసి ఉండాలి," అన్నాడు ఆర్లో. "కిటికీ అద్దమా, టోబీగాడి పళ్ళా?"

"రెండూ కాదు ఆర్లో బాబాయ్." మేరియన్ కోటు విప్పలేదు. "వెరా, కాస్త కూర్చో."

"కూర్చునే ఉన్నాను టీచర్‌గారూ," అంది వెరా. చేతిలో కత్తి ఆగిపోయింది. వచ్చినవాళ్ళ ముఖం చూసి సంగతి పసిగట్టడం అలవాటైపోయిన మనిషి.

మేరియన్ దాచకుండా చెప్పింది. బెండు ఫొటో సంగతి, తరగతి అంతా ఒక్క గొంతుతో అన్న మాట, అచ్చు తీసిన కాగితం. ఆర్లో అల్లిక ఒళ్ళో పడేసుకున్నాడు.

"నా బెండా," అన్నాడు నెమ్మదిగా. "ఆ ఫొటో నాకు చూపించింది పిల్ల. నేను మురిసిపోయి, ఎర అమ్మే రాయ్‌గాడిని పిలిచి మరీ చూపించాను."

వెరా ఆయన మాట విననేలేదు. మేరియన్ వైపే చూస్తోంది. "మీరు మాటిచ్చారు."

"ఇచ్చాను."

"పూచీ నాదన్నారు. ఇదే కుర్చీలో కూర్చుని."

"అన్నాను వెరా. నిలబెట్టుకోలేకపోయాను."

"ఫొటో తీసేశారుగా. ఇక్కడికొచ్చి చెప్పకపోతే నాకేం తెలుస్తుంది? ఊరుకోవచ్చుగా మీరు."

"ఊరుకుందామనే అనిపించింది."

"మరి?"

"తలుపు గడియ వెయ్యాలో అక్కర్లేదో తెలియకుండా పడుకుంటావని."

పొయ్యిలో కట్టె విరిగింది. వెరా చేతులు తుడుచుకుని, కాగితం ఇటివ్వండి అంది. ముందు పిల్ల రాసిన టపా చదివింది. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. 'పొద్దున్నే పొగమంచు పడితే, సముద్రం ఇంకా ముసుగు తన్ని పడుకునే ఉందని లెక్క.'

"ఇది డేల్ వాళ్ళమ్మ మాట," అంది. "ఆవిడ తప్ప ఎవరూ అనగా వినలేదు నేను. పొద్దున్నే పిల్లని ఒళ్ళో వేసుకుని, కిటికీ దగ్గర ఇదే అనేది."

"నాకు గుర్తుంది," అంది ఐవీ. ఇంటికొచ్చాక అదే దాని మొదటి మాట. "నానమ్మ మాటని తెలుసు. కానీ అది పేరు కాదు కదా, ఊరు కాదు కదా. మేం పెట్టుకున్న కట్టుబాట్లలో అది లేదు."

మేరియన్ కళ్ళు మూసుకుంది. పేర్లు దాచమని నేర్పింది, ముఖాలు దాచమని నేర్పింది. మనిషి నాలిక మీద పెరిగిన మాటని ఎలా దాచాలో ఏ టీచరు నేర్పగలదు?

"డేల్‌కి ఓపిక ఎక్కువ," అంది వెరా, ఎవరితోనూ కానట్టు. "ఈ వయసు పిల్లలు రాసే ప్రతి బడి పేజీ తెరుచుకుని, రోజూ చదువుతూ కూర్చుని ఉంటాడు. పూర్వమైతే ఊరూరూ తిరిగి కాళ్ళరగదీసుకోవాలి. ఇప్పుడు కూర్చున్నచోటే ఊళ్ళన్నీ వస్తాయి." అప్పుడు వ్యాఖ్య చదివింది. పెదవులు మాత్రమే కదిలాయి. "అవును. ముందు మెచ్చుకుంటాడు. ఎప్పుడూ మెచ్చుకోవడంతోనే మొదలుపెడతాడు."

"ఇంకెవరైనా అయి ఉండొచ్చు కదమ్మా," అన్నాడు ఆర్లో. "మూడుకాళ్ళ పిల్లి మన బిస్కట్ ఒక్కటేనా?"

"మన పిల్లే తాతా. ఆ ఇంట్లోంచి వచ్చేటప్పుడు నేను తెచ్చుకున్నవి ఐవీ, ఒక సంచి, ఆ కుంటిపిల్లి. దాని కాలు పోయిందని ఈ ఇంటి బయట డేల్‌కి తప్ప ఎవరికి తెలుసు? కాలు పోయిందే అతని ట్రక్కు కింద."

ఐవీ వెళ్ళి తల్లి మోచేతికి ఆనుకుని నిలబడింది. "నేను రాయడం వల్లేనా అమ్మా?"

వెరా ఏం చెబుతుందో దాన్నిబట్టే ఆ పిల్ల ఇక జన్మలో కలం పట్టేదీ లేనిదీ తేలిపోతుంది. వెరా కాగితం పక్కన పెట్టి, రెండు చేతుల్తో కూతురి ముఖం పట్టుకుంది.

"చూడు. వాడు వెతకడం వల్ల. నువ్వు రాయడం వల్ల కాదు. మాటలు నీవి, నువ్వు రాసుకో. ఎవరికి చూపించాలో అది మాత్రం ఇంకాస్త చూసుకుందాం. టీచర్‌గారూ, ఆ కాగితం గోడ ఇంకా ఉందా బడిలో?"

"ఉంది," అంది మేరియన్. "ఎప్పటికీ ఉంటుంది."

"మేం ఇక్కడ ఉంటే," అంది వెరా. ఆ 'ఉంటే' దగ్గర ఆర్లో తల దించుకున్నాడు.

మేరియన్ మళ్ళీ ఆ కాగితం వైపు చూసింది. పొద్దుటినుంచీ కుట్టి దాక్కున్న పురుగు ఇప్పుడు దొరికింది.

"వెరా, డేల్‌కి పిల్లి తెలుసు, సరే. కానీ ఇతను పిల్లి అనలేదు. గీసిన పిల్లి అంటున్నాడు. బెండు అడుగున గీసిన పిల్లి. ఫొటోలో అడుగు లేదు."

ఆర్లో తల అడ్డంగా ఊపాడు. "నా బెండ్ల మీద పిల్లులూ కుక్కలూ ఉండవమ్మాయ్. రెండు గీతలు, నా నంబరు, అంతే."

"ఉంది తాతా," అంది ఐవీ.

ముగ్గురూ దాని వైపు తిరిగారు.

"రంగులు వేసేటప్పుడు, వసంతకాలంలో. నువ్వు బోన్లు దించడానికి వెళ్ళావు. నాకు ఒక బెండు ఇచ్చి వెళ్ళావు కదా, గోడకి తగిలించేది. దాని అడుగున, పుల్ల గుచ్చే చోట చిన్నగా గీశాను. ఎవరికీ చెప్పలేదు. తిరగేసి పైకెత్తి చూస్తేనే కనబడుతుంది."

"ఒక్కదాని మీదేనా?" అని అడిగాడు ఆర్లో.

"ఒక్కదాని మీదే. ఫొటో తీసింది దాన్నే."

ఆ బెండు ఉండేది ఇంటి వెనక, సముద్రం వైపు గోడకి, సరిగ్గా ఈ వంటింటి కిటికీ పక్కన. దారివెంట పోయేవాళ్ళకి కనబడదు. అటు వచ్చి, చెయ్యెత్తి, మేకునుంచి దింపి తిరగేసిన మనిషికి మాత్రమే ఆ పిల్లి కనబడుతుంది. వ్యాఖ్య వచ్చింది నిన్న సాయంత్రం. అంటే ఆ మనిషి వచ్చింది అంతకుముందే.

"నిన్న పొద్దున ఉందా అది, బాబాయ్?" అంది మేరియన్.

ఆర్లో నోరు తెరిచాడు. "ఉండే ఉంటుంది. మొన్న అయితే... రోజూ ఉండేదాన్ని ఎవరు చూస్తారమ్మాయ్?"

ఆయన లాంతరు అందుకుని వెనక తలుపు తీశాడు. గాలి రివ్వున కొట్టింది. వెరా కూతుర్ని నడుముకి అదుముకుని గుమ్మం దిగింది, వెనకే మేరియన్. లాంతరు వెలుగు చెక్కల మీద పాకుతూ పోయి ఒకచోట ఆగింది. మేకు ఉంది. మేకుకి జానెడు తాడు ఉంది, కొస కత్తితో కోసినట్టు నున్నగా, తెల్లగా. బెండు లేదు.

ఆ మేకు కింద గడ్డి అణిగిపోయి ఉంది. ఒక్కసారి వచ్చి పోయినవాడు తొక్కితే అలా అణగదు. మేరియన్ ఆ జాగాలో నిలబడి కిటికీ వైపు తిరిగింది. అద్దంలోంచి వంటిల్లు పటం కట్టినట్టు కనబడుతోంది. వెరా కుర్చీ, సగం చెక్కిన దుంప, పొయ్యి పక్కన ఒరిగిన బూటు, అన్నీ.

ఐవీ కూడా అటే చూస్తోంది. దాని చూపు కుర్చీ మీద ఆగలేదు, బల్ల మీద ఆగలేదు. బూటు మీద ఆగింది.

"అమ్మా," అంది, చిన్నగా. "బిస్కట్ ఎప్పుడూ ఆ బూటులోనే కదా పడుకుంటుంది. పొద్దున్నించీ ఎవరైనా దాన్ని చూశారా?"